అన్‌లిమిటెడ్ ఇంటర్నెట్‌కి నేను పెట్టుకున్న మీటర్

మా ఇంటి ఇంటర్నెట్ అన్‌లిమిటెడ్ ప్లాన్, స్పీడ్ 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 100 మెగాబిట్లు (8 బిట్లు ఒక బైట్). కానీ బిల్లింగ్ నెల చివరికి వచ్చేసరికి వీడియోలు ఆగి ఆగి నడిచేవి, ఆఫీస్ మీటింగ్‌లో అవతలివాళ్ల మాటలు తెగిపోయేవి. బిల్లు తేదీ దాటాక మళ్లీ మామూలే. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఎప్పుడూ ఒకటే జవాబు: "మీది అన్‌లిమిటెడ్ అండీ, మా వైపు నుంచి ఏమీ తగ్గించలేదు. ఒకసారి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి." వాళ్ల దగ్గర లెక్క ఉంది, నా దగ్గర లేదు. అందుకే నా మాట నిలబడలేదు. ఆ లెక్క నేను ఎలా తయారు చేసుకున్నానో, దానితో ఎంతవరకు నెగ్గుకొచ్చానో రాస్తున్నాను. ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్లకి పనికొస్తుంది.

అన్‌లిమిటెడ్ ప్లాన్లలో చాలావాటికి ఎఫ్‌యూపీ, అంటే ఫెయిర్ యూసేజ్ పాలసీ, ఉంటుంది. అది వాడకానికి ఒక గీత గీస్తుంది. ఆ గీత దాటితే కనెక్షన్ ఆగదు, స్పీడ్ పడిపోతుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. గీత అందరికీ ఒకేలా ఉండదు. కొన్ని ప్లాన్లు నెలకి ఇన్ని జీబీ అని రాస్తాయి. కొన్ని గడిచిన 30 రోజుల వాడకాన్ని రోజూ కొత్తగా లెక్కేస్తాయి. అలాంటి ప్లాన్లో ఒకటో తారీఖు వచ్చిందని స్పీడ్ తిరిగి రాదు. ఇంకొన్ని రద్దీ వేళల్లో టొరెంట్ల లాంటి డౌన్‌లోడ్లను మాత్రమే నొక్కిపెడతాయి. నా ప్లాన్ షరతుల్లో "అధిక వినియోగం" అన్న మాట ఉంది, అంకె మాత్రం లేదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. డబ్బు కట్టేవాడికి ఆ అంకె తెలియకపోవడం అన్యాయం.

వాడకం కొలవడానికి మొదట ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు చూశాను. ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై మీద ఎంత వాడామో కనిపిస్తుంది. ఐఫోన్ సెట్టింగ్స్ మొబైల్ డేటా లెక్కే చూపిస్తాయి. విండోస్ గడిచిన 30 రోజులది చూపిస్తుంది. మా టీవీ ఏమీ చెప్పదు. ఇవన్నీ కూడితే వచ్చేది సగం లెక్క. ఇంట్లోకి వచ్చే ప్రతి బైటూ, బయటికి వెళ్లే ప్రతి బైటూ దాటే చోటు ఒక్కటే, రౌటర్‌కి ఉన్న వ్యాన్ పోర్టు, అంటే బయటి ఇంటర్నెట్ లైన్ తగిలించే చోటు. లెక్క అక్కడే తీయాలి. ల్యాన్ వైపు, అంటే ఇంట్లోని పరికరాల వైపు, కొలిస్తే, ఫోన్ నుంచి టీవీకి పంపిన సొంత వీడియో కూడా అందులో కలుస్తుంది, అది ఇంటర్నెట్ వాడకమే కాదు.

మామూలు రౌటర్ పేజీలో కనిపించే అంకెలతో రెండు చిక్కులున్నాయి. కరెంటు పోయినా, రీస్టార్ట్ చేసినా అవి సున్నాకి వెళ్లిపోతాయి. రెండోది అంత తేలిగ్గా కంటికి కనిపించదు. కొన్ని పాత రౌటర్లలో ఆ కౌంటర్ 32 బిట్లది. దాదాపు 4.29 జీబీ దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 100 ఎంబీపీఎస్ లైన్ పూర్తి స్పీడ్‌లో నడిస్తే 6 నిమిషాల్లోపే ఒక చుట్టు తిరిగిపోతుంది. రోజుకి ఒకసారి చూసి రాసుకునేవాళ్లకి ఆ లెక్క ఎందుకూ పనికిరాదు.

అందుకని ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్ పెట్టుకుని, అందులో వీఎన్‌స్టాట్ అనే వాడకం లెక్కగట్టే ప్రోగ్రామ్ వేశాను. అది మనం పంపే, అందుకునే డేటాని విప్పి చూడదు. సిస్టమ్‌లో ఉన్న కౌంటర్లను కాసేపటికోసారి చదివి గంటలవారీగా, రోజులవారీగా దాచిపెడుతుంది, అంతే. నెల ఏ తేదీన మొదలవ్వాలో కూడా అందులో పెట్టుకోవచ్చు. నా బిల్లు తేదీ పెట్టాను. దాని డేటాబేస్‌ని రౌటర్‌కి తగిలించిన పెన్‌డ్రైవ్‌లోకి మార్చాను, లేకపోతే కరెంటు పోయినప్పుడు అదీ పోతుంది. ఏ పరికరం ఎంత లాగుతోందో తెలియడానికి ఎన్‌ఎల్‌బీడబ్ల్యుమాన్ అనే ఇంకో చిన్న ప్రోగ్రామ్ ఉంది.

లెక్కలో యూనిట్ల సంగతి కచ్చితంగా చూసుకోవాలి. ప్రొవైడర్‌కి 1 జీబీ అంటే వంద కోట్ల బైట్లు. చాలా సాఫ్ట్‌వేర్లకి 1024ని మూడుసార్లు గుణిస్తే వచ్చేది. అందుకే వాళ్ల 1000 జీబీ, నా స్క్రీన్ మీద 931గా కనిపించింది. ఇది తెలియకుండా వాదనకి దిగితే మొదటి నిమిషంలోనే ఓడిపోతాం. అప్‌లోడ్ కూడా లెక్కలోకి వస్తుందా అన్నది షరతుల్లో చూడాలి. నా ప్లాన్లో వస్తుంది.

స్పీడ్ తగ్గినంత మాత్రాన అది థ్రాట్లింగ్ అయిపోదు. వైఫై బలహీనంగా ఉండొచ్చు, మన వీధిలో అందరూ ఒకేసారి వాడుతుండొచ్చు, వీడియో సైట్ సర్వరే నెమ్మదిగా ఉండొచ్చు. రోడ్డు మీద రద్దీ ఉంటే బండి ఒకసారి పాకుతుంది, ఒకసారి పరుగెడుతుంది. బండికే స్పీడ్ లాక్ వేస్తే ఖాళీ రోడ్డు మీదా అంతకు మించి పోదు. నేను వెతికింది ఆ తేడానే. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్‌కి కలిపి, వైఫైని పక్కన పెట్టి, రాత్రి, తెల్లవారుజాము, మధ్యాహ్నం కొలిచాను. రద్దీ అయితే తెల్లవారుజామున స్పీడ్ లేవాలి, సాయంత్రం ప్రొవైడర్ మొదటి సర్వర్‌కి వెళ్లే పింగ్, అంటే చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, కూడా పెరగాలి. నాకు అలా కాలేదు. ఏ వేళ చూసినా 4 ఎంబీపీఎస్ దగ్గర గీత గీసినట్టు ఒకటే స్పీడ్. ఏమీ డౌన్‌లోడ్ చేయనప్పుడు పింగ్ చక్కగా ఉంది. డౌన్‌లోడ్ మొదలైన మొదటి ఒకటి రెండు సెకన్లు వేగంగా వచ్చి, వెంటనే 4కి దిగేది. లైన్‌కి కావాలని పరిమితి పెట్టినప్పుడు తరచూ కనిపించే తీరు ఇది.

ఏదో ఒక్క సర్వీస్‌నే తగ్గిస్తున్నారేమో అన్న అనుమానం తీర్చుకోవడానికీ దారులున్నాయి. ఫాస్ట్ డాట్ కామ్ నెట్‌ఫ్లిక్స్ సొంత సర్వర్ల నుంచి కొలుస్తుంది కాబట్టి, అక్కడ వచ్చిన అంకెనీ మామూలు స్పీడ్ టెస్ట్ అంకెనీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు తయారుచేసిన వీహీ అనే యాప్ ఇంకో అడుగు ముందుకు వెళ్తుంది. ఒక సర్వీస్ ట్రాఫిక్‌ని ఉన్నదున్నట్టు ఒకసారి, గుర్తుపట్టకుండా మార్చి ఇంకోసారి పంపి రెండు స్పీడ్‌లనూ పోలుస్తుంది. నాకు అన్నిట్లోనూ అదే 4 వచ్చింది. ఏ సర్వీస్ వాడుతున్నామో ప్రొవైడర్‌కి కనిపించకుండా దాచే వీపీఎన్ పెట్టినా మారలేదు. అంటే మొత్తం లైన్‌కే కళ్లెం వేశారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. స్పీడ్ టెస్ట్ కూడా డేటా తింటుంది. 100 ఎంబీపీఎస్‌లో 10 సెకన్ల డౌన్‌లోడ్ అంటే 125 ఎంబీ. గంటకోసారి దానంతటదే నడిచేలా పెడితే నెలకి 90 జీబీ దాకా పోతుంది. పింగ్‌ని నిరంతరం నడపండి, స్పీడ్ టెస్ట్‌ని అవసరమైనప్పుడే వాడండి.

ఈసారి ఫోన్ చేయలేదు, రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి నంబర్ తీసుకున్నాను. రోజువారీ వాడకం పట్టిక, తేదీ, వేళతో స్పీడ్ కొలతలు జతచేశాను. రెండే అడిగాను: నా అకౌంట్ మీద మీ రోజువారీ లెక్క, నాకు వర్తించే గీత ఎన్ని జీబీ అన్నది. మొదటి జవాబు మళ్లీ అదే అన్‌లిమిటెడ్ పాట. దాన్ని పై స్థాయికి పంపాక లెక్క వచ్చింది. గీత 1000 జీబీ, దాటాక 4 ఎంబీపీఎస్. యూనిట్లు సరిచేసి పక్కపక్కన పెడితే వాళ్ల లెక్కకీ నా లెక్కకీ తేడా చాలా స్వల్పం. వాళ్ల లెక్క నిజాయితీగానే ఉందని ఒప్పుకోవాలి. దాచింది గీతని.

1000 జీబీ వినడానికి చాలా ఎక్కువ. కానీ 1 ఎంబీపీఎస్ ఆగకుండా నడిస్తే రోజుకి 10.8 జీబీ, 30 రోజులకి 324 జీబీ అవుతుంది. అంటే నెలంతా సగటున 3 ఎంబీపీఎస్ వాడితే చాలు, గీత దగ్గరికి చేరతాం. 100 ఎంబీపీఎస్‌ని పూర్తిగా వాడితే ఒక్క రోజులోపే అయిపోతుంది. మా ఇంట్లో ఎక్కువ లాగింది సినిమాలు కాదు. సెక్యూరిటీ కెమెరా 2 ఎంబీపీఎస్ వీడియోని రాత్రీపగలూ క్లౌడ్‌కి పంపుతోంది. రోజుకి 21.6 జీబీ, నెలకి దాదాపు 650. పరికరాలవారీ పట్టికలో అప్‌లోడ్ కాలమ్ చూడగానే అది బయటపడింది. కెమెరాని మెమరీ కార్డులో రికార్డ్ చేసుకునేలా, కదలిక ఉన్నప్పుడే క్లౌడ్‌కి పంపేలా మార్చాను. విండోస్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ సెట్టింగ్ కూడా చూసుకోండి. దాన్ని ఇంటర్నెట్‌లోని ఇతర కంప్యూటర్లకి కూడా తెరిచి ఉంచితే, మన అప్‌డేట్ ఫైళ్లు బయటివాళ్లకి మన లైన్ మీదుగా వెళ్తాయి.

ఇంకో విషయం తరవాతి బిల్లు తేదీన తెలిసింది. ఈసారి లెక్క సున్నా అయింది, స్పీడ్ మాత్రం 4 దగ్గరే ఉండిపోయింది. మన రౌటర్ లాగిన్ అయినప్పుడు ప్రొవైడర్ సర్వర్ ఆ సెషన్‌కి, అంటే ఆ కనెక్షన్ తెగేదాకా, ఒక స్పీడ్ ప్రొఫైల్ తగిలిస్తుంది. సెషన్ తెగకుండా నడుస్తూ ఉంటే పాత ప్రొఫైలే మిగిలిపోవచ్చు. రౌటర్ పేజీలో కనెక్షన్ తెంచి మళ్లీ కలిపాక 100 వచ్చింది. వాళ్ల యాప్‌లో కనిపించే వాడకం కూడా కొన్ని గంటలు ఆలస్యంగా మారుతుంది కాబట్టి, నెల చివర్లో దాన్ని నమ్ముకోను.

ఇప్పుడు 750 జీబీ దాటగానే నా ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టుకున్నాను. కెమెరా సెట్టింగ్ మార్చిన తరవాత ఆ మెసేజ్ రాలేదు. 1000 అన్న అంకెని ప్లాన్ వివరాల్లోనే అచ్చువేయమని అదే ఫిర్యాదు నంబర్ కింద మళ్లీ రాశాను. "పరిశీలనలో ఉంది" అన్నారు. అది కనిపించేదాకా ఫిర్యాదు మూసేయడానికి నేను ఒప్పుకోవడం లేదు.