గేర్‌బాక్స్ కొనే ముందు దాని వెనక భాగం చూడండి

“గేర్‌బాక్స్ దొరికిందన్నా, లేత్‌లో ఒక ప్లేట్ చేయించి ట్రాన్స్‌ఫర్ కేస్‌కి బిగించేస్తే అయిపోతుంది కదా” అని అడిగేవాళ్ళు నాకు తరచుగా తగులుతుంటారు. ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక యాక్సిళ్ళకి పంచే పెట్టె, బాక్స్‌నీ దాన్నీ కలిపే ప్లేటే అడాప్టర్. మన చిత్తూరు, పలమనేరు, పాకాల వైపు పాత ఫోర్ బై ఫోర్ జీపులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాన పడ్డాక మామిడి తోటలోకి పోవాలన్నా, వంకలో ఇసుక దాటాలన్నా వాటికి సాటి లేదు, అమ్మమంటే ఎవరూ అమ్మరు. బాక్స్ అరిగిపోతే మాత్రం ఇంకోటి వెతుక్కోవాలి, అక్కడే ఈ ప్లేట్ మాట వస్తుంది. ప్లేట్‌తో అయిపోదండీ. బాక్స్‌కీ ట్రాన్స్‌ఫర్‌కీ కుదరాల్సినవి చాలా ఉన్నాయి, బోల్టు రంధ్రాలు కలపడం వాటన్నిటిలోకీ తేలికైన పని.

విల్లీస్ జీపుల కాలం నాటి బాక్స్, ట్రాన్స్‌ఫర్ జతనే తీసుకోండి. ముందు టీ90 మూడు గేర్ల బాక్స్, వెనక స్పైసర్ 18, అదే డానా 18 ట్రాన్స్‌ఫర్. ఇందులో అసలు అడాప్టర్ అనేదే లేదు. బాక్స్ మెయిన్ షాఫ్ట్ తోక నేరుగా ట్రాన్స్‌ఫర్ లోపలికి దూరుతుంది, దాని మీద ఒక గేర్ ఎక్కించి, నట్టు బిగించి, స్ప్లిట్ పిన్ వేస్తారు. ట్రాన్స్‌ఫర్‌ని తిప్పే గేర్ బాక్స్ షాఫ్ట్ మీదే ఉంటుందన్నమాట. కాబట్టి వేరే బాక్స్ పెట్టాలంటే దాని షాఫ్ట్ ఎంత పొడవు బయటికి రావాలో అంతే రావాలి, షాఫ్ట్ మీది పళ్ళ సంఖ్య, దాని లావు కలవాలి. నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గినా ఆ గేర్ పక్క గేర్‌ని పూర్తి వెడల్పున పట్టదు, లోడ్ మీద పళ్ళ అంచులు రాలిపోతాయి. పెరిగితే వెనక కవర్‌కి తగులుతుంది.

రేణిగుంట రోడ్డులో నాకు తెలిసిన ఒక లేత్ షెడ్డు ఉంది. అక్కడి పెద్ద మేస్త్రీ ఏ అడాప్టర్ పని వచ్చినా ముందు రంధ్రాల జోలికి పోడు. ట్రాన్స్‌ఫర్ ముఖాన్ని డీజిల్‌తో కడిగి, పాత గాస్కెట్ ముక్కలు బ్లేడుతో గీకి, వెర్నియర్‌తో మధ్యలో అడాప్టర్ రింగ్ కూర్చునే గుండ్రం కొలుస్తాడు. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మళ్ళీ ఏటవాలుగా. డానా 18లోనే ఈ గుండ్రం రెండు సైజుల్లో వచ్చింది, చిన్నది 3 5/32 అంగుళాలు, అంటే 80.2 మిల్లీమీటర్లు, పెద్దది 4 అంగుళాలు, అంటే 101.6. బయటి నుంచి చూస్తే రెండూ ఒకే పెట్టెలా ఉంటాయి, కొలవకుండా కొంటే తేడా తెలియదు. “ఇంత కొలవాలా అన్నా, బోల్టులు బిగిస్తే పట్టుకోవా?” అని ఒక కుర్రాడు అడిగితే ఆయన చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. “బోల్టు అదిమి పట్టుకుంటుంది నాయనా, సెంటర్ పట్టుకునేది ఈ రింగే. రింగ్ లూజైతే షాఫ్ట్ ఒక దోవ, బేరింగ్ ఒక దోవ.” అంతే విషయం. సెంటర్ తప్పిన అడాప్టర్ మొదటి రోజు చక్కగానే నడుస్తుంది, తర్వాత వెనక బేరింగ్ కూత మొదలవుతుంది, ఆ పైన సీల్ నుంచి ఆయిల్ కారుతుంది.

ఆయిల్ అంటే గుర్తొచ్చింది. బాక్స్‌కీ ట్రాన్స్‌ఫర్‌కీ మధ్య సీల్ సరిగా కూర్చోకపోతే ఒకదాని ఆయిల్ ఇంకోదానిలోకి పోతుంది. బయట చుక్క కూడా కనపడదు. బాక్స్‌లో లెవెల్ తగ్గి ట్రాన్స్‌ఫర్‌లో పెరిగితే అదే అర్థం.

మన దగ్గర తుక్కులో ఎక్కువగా దొరికేవి టూ వీల్ డ్రైవ్ పికప్పుల బాక్సులు. ఐదు గేర్లు, సింక్రో బాగుంటుంది, ధర తక్కువ, చూడగానే ఆశ పుడుతుంది. కానీ వాటి మెయిన్ షాఫ్ట్ ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని తిప్పడానికి చేసింది, ట్రాన్స్‌ఫర్‌లోకి దూరడానికి కాదు. తోక హౌసింగ్ తీసేసి ప్లేట్ పెడితే ఫోర్ బై ఫోర్ అయిపోదు. బాక్స్ మొత్తం విప్పి ఫోర్ వీల్ మోడల్ మెయిన్ షాఫ్ట్ వేయాలి, ఆ షాఫ్ట్ దొరక్కపోతే ఆ బాక్స్ మనకు పనికిరాదు. షాఫ్ట్ కోసి, వెల్డింగ్ పెట్టి, పళ్ళు కోయించుకున్న బండ్లు కూడా చూశాను. దయచేసి ఆ పని చేయకండి, ఘాట్ దిగేటప్పుడు అది తెగితే ఇంజిన్ బ్రేకింగ్ మొత్తం పోతుంది.

ఇంకో చిక్కు, ఇది ఇంటర్నెట్‌లో చదివి పార్టులు తెప్పించుకునేవాళ్ళకి. ముందు యాక్సిల్‌కి పోయే షాఫ్ట్ ట్రాన్స్‌ఫర్ నుంచి ఏ వైపు బయటికి వస్తుందో చెప్పడానికి అమెరికావాళ్ళు ‘ప్యాసింజర్ సైడ్ డ్రాప్’ అని రాస్తారు. వాళ్ళకి ప్యాసింజర్ వైపంటే కుడివైపు, మనకి కుడివైపున డ్రైవర్ కూర్చుంటాడు. పాత జీపుల్లో డానా 18 నుంచి ముందుకి వచ్చే షాఫ్ట్ కుడివైపున ఉంటుంది, ముందు డిఫరెన్షియల్ కూడా అదే వైపు. సిజే సిరీస్ తర్వాత వచ్చిన రాంగ్లర్లలో అది ఎడమకి మారింది. కాబట్టి వాటిలో వచ్చే ఎన్‌పీ231 లాంటి చైన్ ట్రాన్స్‌ఫర్ ఎంత బాగున్నా మన పాత జీపు ముందు యాక్సిల్‌తో కలవదు. అందుకే నేను ఎవరికైనా బండి కిందికి దూరి ముందు డిఫరెన్షియల్ ఏ వైపుందో చూడమనే మొదట చెప్తాను. యాక్సిల్‌ని బట్టి ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌ఫర్‌ని బట్టి బాక్స్. అందరూ బాక్స్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్తారు, అక్కడే డబ్బులు పోతాయి.

ఇక రేషియో లెక్క. మొదటి గేర్, ట్రాన్స్‌ఫర్ ‘లో’ రేంజ్, యాక్సిల్, ఈ మూడింటి రేషియోల్నీ గుణిస్తే బండి ఎంత మెల్లగా, ఎంత బలంగా పాకుతుందో తెలుస్తుంది. టీ90 మొదటి గేర్ 2.798, డానా 18 ‘లో’ రేంజ్ 2.46, పాత జీపు మోడల్ సిజే3బీ యాక్సిల్ 5.38. గుణిస్తే దాదాపు 37. మొదటి గేర్ 4 ఉన్న బాక్స్ పెడితే 53 దగ్గరికి వస్తుంది. అమెరికాలో టీ18 బాక్స్‌కి అంత పేరు ఎందుకంటే దానిలో ఒక రకానికి మొదటి గేర్ 6.32, అదే జీపులో లెక్క 83 దాటిపోతుంది. రాళ్ళ మీద బ్రేకు తొక్కకుండా దిగొచ్చు. కానీ ఆ బలం అంతా ముందు అడాప్టర్ మీద, దాని షాఫ్ట్ మీద పడుతుంది, ఇది ఎవరూ ఆలోచించరు. ఇంజిన్ టార్క్ 150 న్యూటన్ మీటర్లు అనుకోండి, 2.8 గేర్‌లో ట్రాన్స్‌ఫర్‌కి అందేది 420, గేర్ 4 అయితే 600. కాబట్టి అల్యూమినియం ముక్కతో పల్చగా చేసిచ్చే ప్లేట్‌ని నేను నమ్మను. కనీసం ప్లేట్ పక్కకి జరగకుండా పట్టే డోవెల్ పిన్నులైనా ఉండాలి, ఆ మెలితిప్పే బలాన్ని ఒక్క బోల్టులే మోయకూడదు.

పొడవు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ పొట్టి జీపులో అదే పెద్ద టెన్షన్. సిజే3బీ వీల్‌బేస్ 80 అంగుళాలే. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ 500 మిల్లీమీటర్లుండి, రెండు చివరల మధ్య ఎత్తు తేడా 150 ఉందనుకుంటే కోణం పదిహేడున్నర డిగ్రీలు. బాక్స్, అడాప్టర్ కలిసి 50 మిల్లీమీటర్లు వెనక్కి జరిగితే షాఫ్ట్ 450 అవుతుంది, కోణం పందొమ్మిదున్నర. దానికి తోడు స్ప్రింగు పట్టీలు ఎత్తు చేయించారంటే షాఫ్ట్ చివరల్లో ఉండే క్రాసులు తరచుగా మార్చుకోవాల్సిందే. క్రాస్‌మెంబర్ జరగాలి, గేర్ రాడ్ సీటుకి తగలకుండా చూడాలి, స్పీడోమీటర్ కేబుల్ చాలాలి, ఇవన్నీ ఆ 50 మిల్లీమీటర్ల వెంటే వస్తాయి.

మారుతి జిప్సీ వాళ్ళకి ఈ బాధ చాలావరకు లేదు. అందులో ట్రాన్స్‌ఫర్ బాక్స్‌కి అంటుకుని ఉండదు, విడిగా ఛాసిస్‌కి రబ్బరు మౌంటింగుల మీద ఉంటుంది, మధ్యలో ఒక చిన్న షాఫ్ట్. బాక్స్ మార్చితే ఆ షాఫ్ట్ పొడవు, ఫ్లాంజ్ సరిచేస్తే సరిపోతుంది. నన్నడిగితే బాక్సులు మార్చేవాళ్ళకి ఇంతకంటే మంచి అమరిక లేదు. ఒకటే గుర్తుంచుకోండి, 1300 సీసీ జిప్సీ ట్రాన్స్‌ఫర్‌లో ‘హై’ రేంజ్ కూడా ఒకటికి ఒకటి కాదు, 1.409. ‘లో’ రేంజ్ 2.268. జిప్సీ ట్రాన్స్‌ఫర్‌ని విడిగా తీసి వేరే బండికి పెడితే మామూలు రోడ్డు మీద కూడా ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది, యాక్సిల్ రేషియో దానికి తగ్గట్టు లేకపోతే.

వీలైతే బాక్స్, అడాప్టర్, ట్రాన్స్‌ఫర్ మూడూ ఒకే బండి నుంచి, విప్పకుండా ఉన్న సెట్టుగా కొనండి. చెన్నైలో పాత పార్టులు అమ్మే పుదుపేట దాకా పోయి వెతికినా నష్టం లేదు, లేత్ ఖర్చుతో పోలిస్తే సెట్టే చౌక. పని మొదలుపెట్టే ముందు ఆర్టీవో ఆఫీసులో ఏ మార్పుకి అనుమతి ఉందో కనుక్కోండి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్తుంది, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది.

విడి బాక్స్ తప్ప ఇంకేమీ దొరకలేదంటే, డబ్బులిచ్చే ముందు మూడు ఫోటోలు తీసి నాకు పంపండి. వెనక ముఖం నేరుగా ఒకటి, షాఫ్ట్ తోక పక్కన స్కేలు పెట్టి ఒకటి, పళ్ళు లెక్కపెట్టేంత దగ్గరగా ఇంకొకటి. ఏ ట్రాన్స్‌ఫర్‌కి కుదురుతుందో, అసలు కుదురుతుందో లేదో చూసి చెప్తాను.