ముడతలు తీసేయకుండా నానమ్మ బొమ్మ వేయించుకున్నాం

నానమ్మ తైలవర్ణచిత్రం వేయించి ముందుగదిలో పెడదామంటే ఇంట్లో ఎవరూ కాదనలేదు. ఏ వయసు నానమ్మను వేయించాలన్న దగ్గరే పేచీ వచ్చింది. మా మేనత్త పాత ఫొటో ఒకటి తెచ్చింది. అందులో జుట్టు నల్లగా, బుగ్గలు నిండుగా ఉన్నాయి. అందమైన ఫొటోనే, కానీ ఆ మనిషి నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే నానమ్మ తల నెరిసిపోయింది. నాకు తెలిసిన ముఖమే గోడ మీద ఉండాలని పట్టుబట్టాను. నానమ్మ మాత్రం, "ఉండగానే గోడకెక్కిస్తారన్నమాట" అని నవ్వి, కళ్లజోడు తీసేది లేదని షరతు పెట్టింది.

వేసేవారిని వెతికేటప్పుడు నేను అందరినీ అడిగింది ఒక్కటే: ముసలి ముఖాలు వేసినవి చూపించమని. పడుచు ముఖాలు చక్కగా వేసేవారు కూడా ఇక్కడ తేలిపోవడం చూశాను. ముడత కనిపించిన చోటల్లా నల్లగీత గీసేస్తారు. ముడత గీత కాదు, చర్మం మడత. దానికి ఒక అంచున వెలుగు, ఒక అంచున నీడ ఉంటాయి, ఆ నీడలోనూ ఎరుపు ఛాయ ఉంటుంది. ఈ సంగతి నాకు వివరించిన చిత్రకారిణికే పని అప్పగించాం.

నానమ్మను ఎక్కువసేపు కూర్చోబెట్టలేం కాబట్టి ఫొటోలు ఆధారంగా వేసి, మధ్యమధ్య ఎదురుగా చూసి సరిచేస్తానని ఆవిడ చెప్పారు. ఫొటోల గురించి చెప్పిన జాగ్రత్తలు మాత్రం ఎవరికైనా పనికొస్తాయి. చాలా ఫోన్లలో చర్మాన్ని నునుపు చేసే సదుపాయం ఉంటుంది, దాన్ని ముందే ఆపేయాలి. మనకు కావలసింది అది చెరిపేసేదే కదా. ఫ్లాష్ వద్దు, అది ముఖాన్ని చదును చేస్తుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుగు ఒక వైపు నుంచి పడేలా చూడాలి. ముఖానికి మరీ దగ్గరగా వెళ్లి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, అందుకే కాస్త దూరం జరిగి జూమ్ చేయాలి. "నవ్వండి" అనకూడదు. మేము నానమ్మను మాటల్లో పెట్టి తీశాం. అన్నిటికన్నా బాగా వచ్చినది, ఎవరి మీదో విసుక్కుంటూ ఉన్నప్పుడు తీసినది.

మొదట బొగ్గుతో గీసిన చిత్తుబొమ్మ చూసి అత్త మొహం ముడుచుకుంది. "మెడ దగ్గర కాస్త తగ్గించండి, కళ్ల కింద ఆ సంచులెందుకు?" అంది. చిత్రకారిణి వాదించలేదు. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెహ్ట్ డ్యూరర్ 1514లో బొగ్గుతో గీసిన తన తల్లి బొమ్మ చూపించారు. ఎముకలు తేలిన మెడ, లోపలికి పోయిన బుగ్గలు, గీతలు పడిన నుదురు. దేన్నీ దాచలేదాయన. అప్పటికి ఆమెకు 63 ఏళ్లు, 18 మందిని కన్న తల్లి. ఆ బొమ్మ గీసిన రెండు నెలలకే చనిపోయింది. అత్త ఏమీ అనలేదు గానీ, నానమ్మ కాగితాన్ని దగ్గరికి తీసుకొని చూసి, "ఈవిడకన్నా నేనే నయం. ఉన్నది ఉన్నట్టు వేయమ్మా" అంది. ఆ మాటతో పేచీ తీరింది.

రంగుల్లోకి దిగాక మళ్లీ కంగారు పడ్డాం. తొలిపొరలో ముఖమంతా ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు! దాని మీద పల్చగా ఎరుపు, పసుపు ఛాయలు వేస్తే, వెలుగుకీ నీడకీ మధ్య చోట్ల కింది ఆకుపచ్చ తొంగిచూసి చర్మానికి జీవం వస్తుందట. వచ్చింది కూడా. కింది పొరల్లో నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ ఉండాలి. తారుమారైతే పైపొర ముందు ఆరిపోయి, కిందిది ఇంకా కదులుతూ ఉండి పగుళ్లిస్తుంది. అందుకే తొందరపెట్టకూడదు.

తెల్లజుట్టుకు తెల్లరంగు దాదాపు వాడనే లేదు. నీలం, బూడిద, లేత పసుపు కలిపి నడిపించి, వెలుగు తగిలే నాలుగు వెంట్రుకల దగ్గర మాత్రం అసలు తెలుపు పెట్టారు. వయసు మీద పడ్డవారికి నల్లగుడ్డు అంచున వచ్చే బూడిదరంగు వలయాన్నీ వదల్లేదు. అది పెట్టాకే ఆ చూపు నానమ్మది అయింది. ఇక కళ్లజోడు చిత్రకారిణిని చాలా సతాయించింది. నానమ్మ అద్దాలు కళ్లను పెద్దవి చేసి చూపిస్తాయి. అద్దంలోంచి కనిపించే చెంప అంచు, బయటి చెంప అంచుతో కలవదు. దాన్ని కలిపేసి ఉంటే కళ్లజోడు బొమ్మకు అతికించినట్టు ఉండేది.

తల కొలత అసలు కన్నా రవ్వంత చిన్నదిగా వేయించాం. సమానంగా వేసినా గోడ మీద పెద్దదిగానే అనిపిస్తుందని ఆవిడ సలహా. పెద్ద తల గదిలో ఉన్నవారందరినీ అజమాయిషీ చేస్తున్నట్టుంటుంది. నానమ్మకు అదేమీ అభ్యంతరం కాకపోవచ్చు గానీ, మాకు ఉంది.

తగిలించేటప్పుడు చూసుకున్నది ప్రధానంగా వెలుగు. కిటికీకి ఎదురు గోడ మీద పెడితే నూనె మెరుపులో కిటికీయే కనిపిస్తుంది, ముఖం కనిపించదు. అందుకే పక్కగోడ ఎంచుకున్నాం. బొమ్మలో వెలుగు ఎడమ నుంచి పడుతోంది, ఆ గోడకు కిటికీ కూడా ఎడమవైపే ఉంది. ఇది కుదిరాక గదిలోని వెలుగే ముఖం మీద పడుతున్నట్టు ఉంది. నేరుగా ఎండ తగలని చోటు, చెమ్మ ఎక్కని గోడ. బొమ్మ నడిమి భాగం నేల నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తులో వచ్చేలా మేకు కొట్టాం. అలంకరణకు కొన్నది అయితే ఇంకాస్త పైన ఉన్నా పరవాలేదేమో, మనిషి ముఖం మాత్రం మన కళ్లకు ఎదురుగా ఉండాలి.

వార్నిష్ ఇంకా వేయలేదు. చేత్తో తాకితే ఆరినట్టే ఉన్నా రంగు లోపల ఆరడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుందని, అప్పుడు వచ్చి వేస్తానని చెప్పారు. అంతవరకు తడిగుడ్డ తగలనీయకూడదు, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. బట్టకప్పి చీకట్లో దాచడం కూడా మంచిది కాదు, రంగుల్లో ఉండే అవిసెనూనె వెలుతురు లేని చోట పసుపెక్కుతుంది. ఇప్పుడు అత్త తన బొమ్మ కూడా వేయించమంటోంది. పాత ఫొటో చూసి కాదట.