గ్లాక్ 19 నడుముకి అలవాటయ్యే దాకా

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్ళు నిండి, తుపాకి ఉంచుకోడానికి చట్టపరంగా అడ్డంకి లేనివాళ్ళు లైసెన్స్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకు తిరగొచ్చు. అయినా నేను లైసెన్స్ చేతికొచ్చాకే గ్లాక్ 19 పిస్టల్ కొన్నాను. పరీక్ష పెద్ద కష్టమేం కాదు: 3, 7, 15 గజాల నుంచి మొత్తం 50 రౌండ్లు (తూటాలు) కాల్చాలి, 250కి 175 వస్తే పాస్. ఆ కార్డు చాలా పక్క రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. కొనేటప్పుడు 4473 అనే ఫెడరల్ ఫారం ఎలాగూ నింపాలి గానీ, ఆ కార్డుంటే కౌంటర్ దగ్గర బ్యాక్‌గ్రౌండ్ చెక్ (నేర చరిత్ర తనిఖీ) కోసం పడిగాపులు పడే పని తప్పుతుంది.

ఇక్కడే మనవాళ్ళకి ఒక మాట. హెచ్ 1 బి, ఎఫ్ 1 లాంటి వీసాల మీద వచ్చినవాళ్ళకి తుపాకి కొనడమే కాదు, షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని పట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం కింద నేరమయ్యే ప్రమాదం ఉంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. "మా రూమ్మేట్ కూడా కాల్చాడు, ఏం కాలేదుగా" అన్న మాట నమ్మి ఇమ్మిగ్రేషన్ ఫైలు మీదకి తెచ్చుకోకండి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకి ఈ తిప్పలు లేవు.

కొన్నది గ్లాక్ 19 జెన్ 5, ఎంఓఎస్ రకం. అంటే స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) మీద రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) బిగించుకోడానికి ఫ్యాక్టరీలోనే గాడి కోసి ఇస్తారు. 9 ఎంఎం, 4 అంగుళాల పైచిలుకు బ్యారెల్ (గొట్టం), 15 రౌండ్లు పట్టే మ్యాగజైన్ (పిడిలోకి తోసే తూటాల పెట్టె). ఇంతకన్నా సన్నగా, చిన్నగా ఉండేవి బోలెడున్నాయి. కానీ చిన్నవాటితో దాచడం ఎంత సులువో, కాల్చడం అంత కష్టం. నేను దాచే తంటా పడటానికే సిద్ధపడ్డాను.

పెట్టె తెరవగానే స్లైడ్ లోపలి గాడుల్లో రాగి రంగు గ్రీజు పూసి కనపడింది. మురికనుకుని తుడిచేస్తారు చాలామంది. అది ఫ్యాక్టరీ వాళ్ళు కావాలనే పూసింది, కొన్ని వందల రౌండ్లు కాల్చేదాకా అలాగే ఉండనివ్వాలి. గ్లాక్‌ని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి, ఈ సంగతి మాత్రం ఒంట్లో ఇంకిపోవాలి. మ్యాగజైన్ తీయడం మొదట, చాంబర్ (పేలబోయే తూటా కూర్చునే గది) ఖాళీ చేయడం తర్వాత. ఈ వరస తిరగబడితే చాంబర్‌లోకి ఇంకో రౌండ్ ఎక్కి కూర్చుంటుంది. కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, గోడ అవతల మనుషులు లేని వైపు గురిపెట్టి, అప్పుడే నొక్కడం.

మొదటి మార్పు రెడ్ డాట్. హోలోసన్ 507సి తీసుకున్నాను. పెట్టెలో వచ్చే అడాప్టర్ ప్లేట్లలో 02 నంబరుది దీనికి సరిపోతుంది. బ్యాటరీ పక్కనుంచి లాగే చిన్న ట్రేలో ఉంటుంది కాబట్టి మార్చిన ప్రతిసారీ డాట్ ఊడదీసి మళ్ళీ గురి సరిచేసుకునే పని లేదు, నేను దీన్ని ఎంచుకోడానికి సగం కారణం అదే. బిగించే ముందు స్క్రూలనీ రంధ్రాలనీ ఆల్కహాల్‌తో తుడవాలి, నూనె చుక్క మిగిలినా లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) పట్టదు. నీలం లాక్‌టైట్ ఒక్క చుక్క చాలు. ఎరుపుది వాడితే మళ్ళీ ఊడదీయడానికి వేడి పెట్టాల్సొస్తుంది. టార్క్ రెంచ్‌తో మాన్యువల్లో చెప్పినంతే బిగించి, ఒక రాత్రి ఆరనిచ్చాను. ఆపైన ప్రతి స్క్రూ తల మీంచి పక్కనున్న లోహం దాకా తెల్ల పెయింట్ పెన్నుతో సన్నటి గీత గీశాను. స్క్రూ కాస్త వదులైనా గీత రెండు ముక్కలై కనపడుతుంది. రేంజ్ నుంచి వచ్చాక నేను మొదట చూసేది ఆ గీతల్నే.

ఫ్యాక్టరీ సైట్లు (గురి చూసుకునే మొనలు) ప్లాస్టిక్‌వి, పైగా పొట్టివి, డాట్ వెనక మునిగిపోతాయి. డాట్ ఆరిపోయినా పనికొచ్చేలా ఎత్తైన స్టీలు సైట్లు వేశాను. ముందు సైటు కింద ఒక చిన్న స్క్రూ ఉంటుంది, మామూలు సాకెట్ ఆ ఇరుకులో పట్టదు, దానికోసమే సన్నంచు పనిముట్టు అమ్ముతారు. వెనక సైటుని సుత్తితో కొట్టే కన్నా సైట్ పుషర్ ఉన్న దుకాణంలో చేయించుకోవడం మేలు, చూస్తుండగానే అయిపోతుంది.

గురి సరిచేసింది 10 గజాల దగ్గర. లెక్క తేలిక: ఈ డాట్‌లో ఒక క్లిక్ అంటే ఒక ఎంఓఏ (కోణపు కొలత), 100 గజాల దగ్గర దాదాపు అంగుళం, 10 గజాల దగ్గర అంగుళంలో పదో వంతు. రెండు అంగుళాలు పక్కకి పోతుంటే ఇరవై క్లిక్కులు తిప్పాలన్నమాట. అయితే కుడిచేతి వాటం వాళ్ళు కొత్తలో కింద ఎడమకి కాలుస్తారు, అది డాట్ తప్పు కాదు, వేలు తప్పు. అందుకని చేతులు ఇసుక సంచి మీద ఆన్చి కాల్చి, తూటా రంధ్రాల గుంపు ఎక్కడ పడుతుందో చూశాకే స్క్రూ ముట్టుకోవాలి.

ట్రిగ్గర్ జోలికి పోలేదు. మెరిసే అల్యూమినియం ట్రిగ్గర్లు, తేలికపాటి స్ప్రింగులు చూస్తే చేతులు దురద పెట్టే మాట నిజమే. కానీ స్ట్రైకర్ (తూటాని వెనకనుంచి కొట్టే సూది) స్ప్రింగ్ మెత్తబడితే ప్రైమర్ (తూటా వెనక నిప్పు పుట్టించే బిళ్ళ) మీద దెబ్బ బలంగా పడక రౌండ్ పేలకపోవచ్చు. పోటీల పిస్టల్‌లో అది ఒక స్కోరు పోగొట్టుకోవడం, నడుముకి పెట్టుకునేదానికి అలా కుదరదు. నన్నడిగితే లోపలి భాగాలు కంపెనీ ఇచ్చినట్టే ఉంచి ఆ డబ్బుతో తూటాలు కొనుక్కోవాలి.

పిడికి మాత్రం రబ్బరు గ్రిప్ స్టిక్కర్ అంటించాను. ఇసుక కాగితంలాంటి రకం చేతికి బాగా పట్టు ఇస్తుంది గానీ, రోజంతా పొట్టకి రాసుకుంటే చర్మం లేస్తుంది, చొక్కా లోపలి వైపు నూలు పోగులు పైకొస్తాయి. అంటించేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెడితే మూలలు లేవకుండా కూర్చుంటాయి.

ఇక హోల్‌స్టర్, అంటే పిస్టల్ ఒర. దీని దగ్గరే ఎక్కువ సమయం, ఎక్కువ ఆలోచన పోయాయి, పోవాలి కూడా. రౌండ్లు నింపిన గ్లాక్ 19 సుమారు 850 గ్రాములు, పైన డాట్ బరువు. నేను పెట్టుకునేది ప్యాంటు లోపల, పొట్టకి ముందు కుడి పక్కన. చొక్కా మీద ఉబ్బెత్తుగా కనపడేది బ్యారెల్ అనుకుంటారు చాలామంది. బ్యారెల్ ఎంత పొడుగున్నా ప్యాంటు లోపలే ఉంటుంది, బయటపెట్టేది పిడి. హోల్‌స్టర్‌కి ఒక పక్కన బెల్టుని నెట్టే చిన్న రెక్క ఉంటుంది, దాన్ని క్లా అంటారు. బెల్టు బిగించగానే అది పిడిని తిప్పి పొట్టవైపు నొక్కుతుంది. హోల్‌స్టర్ అడుగున వెనకవైపు మెత్తటి ఫోమ్ ముక్క అంటిస్తే కింది భాగం ముందుకొచ్చి పై భాగం ఒంటికి ఆనుతుంది. ఈ రెండూ కుదిరాక అద్దం ముందు టీ షర్టులో ఏమీ కనపడలేదు. అవి లేకుండా చూస్తే జేబులో కొబ్బరికాయ పెట్టుకున్నట్టుండేది.

హోల్‌స్టర్ కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌దై ఉండాలి, ట్రిగ్గర్ గార్డు మొత్తం మూసుకుపోవాలి. మెత్తటి బట్టవీ, ఏ పిస్టల్‌కైనా పట్టే సంచుల్లాంటివీ నేను దగ్గరికి రానివ్వను. బెల్టు సంగతీ అంతే. ఆఫీసుకి పెట్టుకునే తోలు బెల్టు ఈ బరువుకి మధ్యాహ్నానికి వాలిపోతుంది. లోపల గట్టి పట్టీ ఉన్న నైలాన్ బెల్టు, నడుము కొలత ఒక అంగుళం ఎక్కువున్న ప్యాంట్లు కొనాల్సొచ్చింది. లాల్చీ వేసుకున్న రోజు ఏ బాధా లేదు, టక్ చేసుకున్న రోజే తంటా.

పిస్టల్‌ని హోల్‌స్టర్‌లో పెట్టడంలో హీరోయిజం పనికిరాదు. ఎడమ చేత్తో చొక్కా అంచు పైకెత్తి, నడుము కొంచెం ముందుకి వంచి, హోల్‌స్టర్ మూతిని కళ్ళతో చూస్తూ, నిదానంగా. చొక్కా కొస గానీ జాకెట్ తాడు గానీ ట్రిగ్గర్ గార్డులో దూరితే ఏమవుతుందో ఆ పిస్టల్ ఎటువైపు చూస్తోందో గమనిస్తే అర్థమవుతుంది. ఇంట్లో నేను హోల్‌స్టర్‌తో సహా తీసి, హోల్‌స్టర్‌తో సహా పెట్టుకుంటాను.

సాధనకి 115 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) మామూలు ఎఫ్‌ఎంజె, అంటే లోహపు తొడుగున్న గుండు. వెంట ఉంచుకోడానికి 124 గ్రెయిన్ల హాలో పాయింట్, అంటే మొన బోలుగా ఉండే గుండు. హాలో పాయింట్ ఒంట్లో విచ్చుకుంటుంది కాబట్టి అవతలికి దూసుకుపోయి ఇంకొకరికి తగిలే ప్రమాదం తక్కువ. ఖరీదెక్కువని వాటిని కాల్చకుండా ఉండొద్దు, మన పిస్టల్‌లోకి ఇరుక్కోకుండా ఎక్కుతున్నాయో లేదో రేంజ్‌లోనే తేలాలి. ఇంకోటి: రోజూ ఖాళీ చేసి ఉదయం అదే రౌండ్‌ని మళ్ళీ చాంబర్‌లోకి పంపుతూ పోతే, గుండు మెల్లగా కేసులోకి దిగిపోతుంది. అలా పొట్టిదైన రౌండ్ పేలితే లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త రౌండ్ పక్కన నిలబెట్టి చూస్తే తేడా తెలుస్తుంది, పొట్టిగా కనపడితే పక్కన పడేయడమే.

వీటి గురించి ఇంటికి ఫోన్లో చెప్తుంటే మా మావయ్య అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పజెప్పాలా?" అని. ఇండియాలో మామూలు పౌరులకి 9 ఎంఎం నిషిద్ధ బోర్, అంటే ఆ కొలత గొట్టమున్న తుపాకి ఉంచుకోకూడదు. ఇక్కడ టెక్సాస్‌లో అప్పజెప్పే పని లేదు గానీ, తలుపు మీద బోర్డులు చదవాలి. 30.06 బోర్డున్న చోటికి లైసెన్స్ ఉన్నా దాచుకుని పోకూడదు, రాబడిలో సగానికి పైగా మందు మీదే అని చెప్పే, ఎర్ర అంకెల్లో 51 శాతం అని రాసున్న బార్ల వైపు అసలే వెళ్ళకూడదు. గుడికి వెళ్ళే రోజు బోర్డు ఉన్నా లేకపోయినా నేను పిస్టల్ ఇంట్లోనే వదిలేస్తాను. చెప్పులు విప్పడానికి వంగి, సాష్టాంగం చేసే చోట అది వద్దు.

ఇంట్లో అంటే అల్మారా పైన బట్టల కింద కాదు. 17 ఏళ్ళలోపు పిల్లలకి నింపిన తుపాకి అందేలా వదిలేయడం టెక్సాస్‌లో నేరం. మంచం పక్కన గోడ దూలానికి బోల్టులతో బిగించిన, నంబర్లు నొక్కితే తెరుచుకునే చిన్న సేఫ్ కొన్నాను. వారాంతాల్లో స్నేహితులు పిల్లలతో వస్తే ఇల్లంతా వాళ్ళదే కదా, అందుకని ఆ కోడ్ నాకూ ఇంటావిడకీ తప్ప ఎవరికీ తెలీదు.

పిస్టల్‌కి ఫ్లాష్‌లైట్ తగిలించలేదు. చీకట్లో ఎవరో చూడ్డానికి వాళ్ళ మీదకి పిస్టల్ ఎత్తాల్సి రావడం నాకు నచ్చదు, చేతి లైట్ జేబులో ఉంటుంది. తగిలించాలనుకునేవాళ్ళు హోల్‌స్టర్ కొనకముందే ఆ సంగతి తేల్చుకోవాలి, లైట్ మారితే హోల్‌స్టరూ మారుతుంది.

మిగిలిన పని చలికాలం జాకెట్. జిప్పు పైదాకా వేసుకుంటే చొక్కా అంచు అందడం లేదు, అడుగున బరువు కుట్టించి చూడాలి. ఈలోపు ఖాళీ పిస్టల్‌తో, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, రాత్రిపూట కాసేపు తీసి పెట్టడం సాధన చేస్తున్నాను.