రెండు గేర్‌బాక్సుల్లోంచి ఒకటి: నా వీల్ హార్స్ రిపేరు అనుభవం

మా షెడ్డులో ఉన్నది 1976 నాటి వీల్ హార్స్ సి-120 అనే చిన్న ట్రాక్టర్. అమెరికాలో మేముండే ఇండియానా రాష్ట్రంలో చాలామందికి ఈ పేరు తెలుసు, ఎందుకంటే ఈ బళ్లు తయారైంది ఇక్కడి సౌత్ బెండ్‌లోనే. పాండ్ కుటుంబం మొదలుపెట్టిన కంపెనీ, 1974లో అమెరికన్ మోటార్స్ అనే కార్ల కంపెనీ చేతికి వెళ్లింది, తర్వాత 1986లో గడ్డి యంత్రాలు చేసే టోరో కంపెనీ కొనుక్కుంది. మన ఊళ్లో ట్రాక్టర్ అంటే దమ్ము చేసే పెద్ద బండి గుర్తొస్తుంది, ఇది ఇంటి చుట్టూ గడ్డి కోయడానికి, చలికాలం మంచు తోయడానికి, పెరట్లో చిన్న నాగలి లాగడానికి చేసిన బుల్లి ట్రాక్టర్. ముందు కోలర్ కంపెనీ 12 హార్స్‌పవర్ ఇంజన్, వెనక పోత ఇనుముతో చేసిన గేర్‌బాక్స్. ఇప్పుడు దుకాణాల్లో దొరికే గడ్డి బళ్లలో చాలావాటికి వెనక గేర్‌బాక్స్ పోతే మొత్తం మార్చేయడమే. దీన్ని మాత్రం పూర్తిగా విప్పొచ్చు, బాగుచేసి మళ్లీ బిగించొచ్చు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, ఇలాంటి పాత బండి ఉన్నవాళ్లు గేర్‌బాక్స్ చెడిందని తుక్కుకి అమ్మేయకూడదని నా కోరిక.

దీన్ని 8-స్పీడ్ అంటారు. అసలు లివర్‌లో ముందుకి మూడు గేర్లు, వెనక్కి ఒకటి, పక్కన హై-లో లివర్ ఇంకోటి. అది ప్రతి గేర్‌నీ రెండు చేస్తుంది కాబట్టి ముందుకి ఆరు, వెనక్కి రెండు. నా బండిలో ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేర్ దానంతటదే న్యూట్రల్‌లోకి జారిపోవడం మొదలైంది, ఇరుసు దగ్గర ఆయిల్ కారుతోంది, వెనక నుంచి గరగరమని చప్పుడు. కింద డ్రెయిన్ బోల్ట్ వదులు చేస్తే ముందు నీళ్లు వచ్చాయి, తర్వాత పాలలాంటి తెల్లటి ఆయిల్. ఈ గేర్‌బాక్సుల్లో ఇది చాలా మామూలు జబ్బు. గేర్ లివర్ మొదట్లో ఉండే రబ్బరు తొడుగు చిరిగిపోతుంది, బయట నిలబెట్టిన బండి మీద పడిన వానంతా లివర్ వెంబడే లోపలికి దిగుతుంది. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరి బేరింగులకి తుప్పు పట్టిస్తాయి, ఇక్కడి చలికి గడ్డకడితే అడుగునున్న గేర్లు తిరక్క బిగుసుకుపోతాయి. మీ బండికి ఇంకేం చేయకపోయినా సరే, ఆ రబ్బరు తొడుగు మాత్రం చూసుకోండి.

ఇక్కడ ఒక విషయం ముందే తెలుసుకోవాలి. బేరింగులు, ఆయిల్ సీళ్లు చాలావరకు మామూలు సైజులే, వాటి మీదున్న నంబరు చెబితే ఏ బేరింగుల షాపులోనైనా దొరుకుతాయి. గేర్ల సంగతి వేరు, వాటికి పాత బళ్లే దిక్కు. అందుకే పక్క కౌంటీలో ఒక పెద్దాయన దగ్గర ఇంజన్ పట్టేసిన ఇంకో సి సిరీస్ బండి ఉందంటే మొత్తం కొనేశాను. దాని గేర్‌బాక్స్ నా బండికి వేసి గడ్డి సీజన్ దాటించడం, చలికాలంలో రెండూ విప్పి మంచి భాగాలన్నీ కలిపి ఒకటి తయారుచేయడం, ఇదీ నేను వేసుకున్న లెక్క. కొనేముందు ఇరుసు లావు కొలుచుకోండి. పాతవాటికి ఒక అంగుళం ఉంటుంది, తర్వాతవాటికి అంగుళం మీద ఎనిమిదో వంతు. ఇరుసు చివర చక్రాన్ని బిగించే హబ్బులు ఒకదానివి ఇంకోదానికి పట్టవు.

గేర్‌బాక్స్ దించడంలో పెద్ద కష్టం లేదు. సీటు, ఫెండర్లు తీసి, ఫ్రేమ్ కింద గట్టి స్టాండ్లు పెట్టి, బెల్టు, బ్రేకు రాడ్డు, లివర్లు విప్పి, బోల్టులు తీస్తే వెనకభాగం మొత్తం చక్రాలతో సహా బయటికి దొర్లుతుంది. చాలా బరువు, పట్టుకోడానికి ఇంకో మనిషి ఉండాలి.

అసలు కష్టమంతా హబ్బుల దగ్గరే. ఇరుసుకీ హబ్బుకీ మధ్య జారకుండా పట్టే కీ అనే ఇనుప ముక్క, పైన బిగించిన స్క్రూ, వాటి మీద ఇన్నేళ్ల తుప్పు. చాలామంది ఇక్కడే ఓపిక కోల్పోయి ఇరుసు చివర పెద్ద సుత్తితో బాదుతారు. ఆ దెబ్బ నేరుగా లోపలికి పోయి, ఇరుసుని పట్టి ఉంచే క్లిప్ మీదా, మలుపుల్లో రెండు చక్రాల్నీ వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మీదా పడుతుంది, హబ్బు మాత్రం కదలదు. ముందు స్క్రూ తీసేసి ఆ రంధ్రంలోంచే తుప్పు వదిలించే ఆయిల్ పోయాలి, రోజూ కాస్త పోస్తూ నాననివ్వాలి. తర్వాత హబ్బుని బయటికి లాగే పుల్లర్ బిగించి, ఆ లాగుడు అలాగే ఉంచి హబ్బుని గ్యాస్ టార్చ్‌తో చుట్టూ వేడి చేయాలి, ఇరుసుని కాదు. చల్లారనిచ్చి మళ్లీ ఇంకొంచెం బిగించి మళ్లీ వేడి. నా బండికి ఎడమది మర్యాదగానే వచ్చింది, కుడిది రాత్రంతా పుల్లర్ లాగుడులో ఉండి పొద్దున టార్చ్ తగలగానే టప్పుమని వదిలింది. ఆ చప్పుడు వింటే కలిగే ఆనందం ఈ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

గేర్‌బాక్స్ విప్పేముందు ఇరుసుల మీద స్క్రూ నొక్కిన గుర్తుల్ని ఆకురాయితో, ఆ తర్వాత ఎమరీ పేపర్‌తో నున్నగా చేయాలి, లేకపోతే కేసు, అంటే గేర్‌బాక్స్ పై డొల్ల, పైకి లాగేటప్పుడు ఆ గరుకు బేరింగుల్ని గీసేస్తుంది. రెండు సగాలుగా ఉండే కేసు ఇది. ఇరుసు కిందికి దిగేలా రంధ్రం చేసిన చెక్క బల్ల మీద పక్కకి పడుకోబెట్టి, బోల్టులు తీసి, పై సగాన్ని వంకర పోకుండా నిట్టనిలువుగా లేపాలి. లేపగానే దేన్నీ ముట్టుకోకుండా ఫొటోలు తీయండి, అన్ని వైపుల నుంచీ. గేర్లు మార్చే ఫోర్కుల రాడ్డులు బయటికి లాగేటప్పుడు స్ప్రింగు, చిన్న ఉక్కు గోళీ ఎగిరిపోతాయి, చేతి కింద గుడ్డ పెట్టుకోండి.

మూడో గేర్ ఎందుకు జారుతోందో అప్పుడు కనపడింది. గేర్‌ని దాని చోట ఆపి ఉంచేది ఆ గోళీనే. స్ప్రింగు తుప్పుకి చచ్చుబడింది, ఫోర్కు ఒక పక్క బాగా అరిగింది, దాంతో గేర్ పళ్లు పూర్తిగా పడక అంచుల మీదే లాగుతున్నాయి, ఆ అంచులు గుండ్రంగా అయిపోయాయి. రెండో గేర్‌బాక్స్‌లో ఆ గేర్, ఫోర్కు రెండూ బాగున్నాయి, కానీ దాని డిఫరెన్షియల్ బోల్టులు వేళ్లతో తిప్పితే తిరిగేంత వదులుగా ఉన్నాయి. ఆ బోల్టులు విరిగి ముక్క గేర్ల మధ్య పడితే కేసే పగులుతుంది. అందుకని డిఫరెన్షియల్ నాదే ఉంచి, గ్రేడ్ 8 అనే గట్టి రకం కొత్త బోల్టులు వేసి, వదులు కాకుండా మరలకి లాక్‌టైట్ జిగురు పూసి బిగించాను. చప్పుడుకి కారణం సూదుల్లాంటి సన్నటి కమ్మీలు ఉండే నీడిల్ బేరింగులు, ఆ సూదుల మీద తుప్పు గుంటలు.

అన్నిటినీ కిరసనాయిల్లో కడిగి ఆరబెట్టి, నీడిల్ బేరింగులు అన్నీ కొత్తవే వేశాను. వాటికి ఒక వైపు అక్షరాలు ఉంటాయి, నొక్కాల్సింది ఆ వైపే, రెండో వైపు రేకు పలచన, నొక్కితే వంగి సూదులు పట్టేస్తాయి. బేరింగుల్ని ఫ్రీజర్లో పెట్టి, కేసుని కాస్త వేడి చేసి, పొడవాటి బోల్టూ వాషర్లతో మెల్లగా లాగితే సుత్తి అవసరమే రాలేదు.

మూసే రోజు విజయవాడ ఆటోనగర్లో లారీ గేర్‌బాక్సుల పని చేసే మా బాబాయికి వీడియో కాల్ చేశాను.

"ఏరా, షాఫ్టు చేత్తో తిప్పి చూశావా?"

"బోల్టులన్నీ బిగించాక చూద్దామని, బాబాయ్."

"ముందు సగం బోల్టులు వేసి తిప్పు, పూర్తిగా బిగించి మళ్లీ తిప్పు. వదులుగా ఉన్నప్పుడు తిరిగి, బిగించాక పట్టేసిందనుకో, రెండు సగాల మధ్య ప్యాకింగ్ పలచనైందన్నమాట. షాఫ్టుకి అటూ ఇటూ కాస్త ఆడే చోటుండాలి."

ఇంత బాగా ఏ మాన్యువల్లోనూ చదవలేదు. అదే వరసలో చేశాను, రెండుసార్లూ ఒకేలా తిరిగింది. తర్వాత ఒక్కో గేర్ వేసి, హైలో, లోలో, చేత్తో తిప్పుతూ రెండు ఇరుసులూ చూశాను, ఒకటి పట్టుకుంటే రెండోది తిరగాలి.

ఆయిల్ సీళ్లు అన్నిటికంటే చివర. ఇరుసు మీద కీ గాడి అంచు కత్తిలా ఉంటుంది, టేపు చుట్టి, గ్రీజు రాసి సీలు దాని మీదుగా జరపాలి, లేకపోతే కొత్త సీలు పెదవి అక్కడే చీరుకుపోతుంది. రెండు క్వార్టుల (రెండు లీటర్లకి కాస్త తక్కువ) 90 నంబరు గేర్ ఆయిల్ పోసి, కొత్త రబ్బరు తొడుగు వేసి, బండికి ఎక్కించాను.

కొన్ని గంటలు నడిపాక ఆ ఆయిల్ దించేసి అయస్కాంతం తిప్పి చూస్తే సన్నటి పొడి తప్ప ఇనుప ముక్కలేమీ లేవు, కొత్త ఆయిల్ పోశాను. మూడో గేర్ హైలో ఎత్తు ఎక్కినా జారడం లేదు. మిగిలిన రివర్స్ గేర్లు, షాఫ్టులు, రెండో జత హబ్బులు ఆయిల్ రాసి పేర్లు అంటించి అరలో పెట్టాను. ఇంకో మూడో గేర్ ఫోర్కు దొరికితే ఆ రెండో కేసు కూడా నిలబెట్టొచ్చు, వెతుకుతున్నాను.