లాట్ దాస్తే యార్డు కదిలింది

ఫైనలియర్ ప్రాజెక్టుకు గుంటూరులో సగం బ్యాచ్‌లు లైబ్రరీ మేనేజ్‌మెంటో, హాస్టల్ మేనేజ్‌మెంటో చేస్తుంటే మేం జావాలో మిర్చి యార్డు లెక్కల ప్రోగ్రాం పట్టుకున్నాం. పెద్ద కారణమేం లేదు, మా టీంలో ఒకడి నాన్నగారికి అక్కడ కమీషన్ కొట్టు ఉంది.

యార్డ్ అని పెద్ద క్లాసు (ఆబ్జెక్టులు పోసే అచ్చు) రాసి, దాని లోపలే లాట్ అనే చిన్న క్లాసు పెట్టాం. ఒక్కో రైతు తెచ్చిన సరుకు ఒక్కో లాట్. అందులో రైతు పేరు, మిర్చి రకం 334నో తేజానో, ఎన్ని టిక్కీలు (బస్తాలు), క్వింటాల్ ధర. డేటాబేస్ కనెక్షన్ యార్డ్‌లో ఉండేది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి లాట్లను ఫైల్లో కూడా దాచుకోవాలనుకున్నాం. లాట్‌కు సీరియలైజబుల్ (ఆబ్జెక్టును ఫైల్లో దాచొచ్చని జావాకు చెప్పే గుర్తు) తగిలించి రన్ చేస్తే, నాట్ సీరియలైజబుల్ ఎక్సెప్షన్, అంటే దాచడం కుదరదనే ఎర్రర్! తగిలించాం కదరా, మళ్ళీ ఇదేంటి?

జావా మేడం కోడ్ చూపించమనలేదు. "మెసేజ్ చివర ఎవరి పేరుందో చదవండి" అన్నారు. యార్డ్ అని ఉంది. మేం పంపింది లాట్‌ని! ఆవిడ బోర్డు మీద లాట్‌కో డబ్బా గీసి, అందులోంచి యార్డ్‌కు బాణం వేశారు. లోపలి క్లాసు స్టాటిక్ (బయటి ఆబ్జెక్టుతో ముడి లేనిది) కాకపోతే దాని ప్రతి ఆబ్జెక్టూ బయటి ఆబ్జెక్టు కొంగు పట్టుకునే ఉంటుందట, లాట్‌ని దాస్తే యార్డూ వెంట వస్తుందట. ఆ బాణాన్ని, అంటే రిఫరెన్సును, పెట్టేది మన కోడ్‌ను అనువదించే కంపైలర్. మనం రాసింది కాదు గనుక దానికి ట్రాన్సియెంట్ (దీన్ని ఫైల్లో దాచొద్దనే గుర్తు) పెట్టే దారీ లేదు.

"యార్డ్‌కూ సీరియలైజబుల్ పెట్టేస్తే పోలా మేడం?" అన్నాడు మావాడు. పెట్టి చూడమన్నారు. ఈసారి కనెక్షన్ దగ్గర ఆగింది. దాన్ని ట్రాన్సియెంట్ చేస్తే నడిచింది గానీ, ఒక్క లాట్ దాచినా యార్డ్‌లోని లాట్ల జాబితా మొత్తం ఫైల్లోకి ఎక్కేది. తిరిగి చదివితే కనెక్షన్ నల్, అంటే ఖాళీ. అదో కొత్త టెన్షన్.

చివరికి లాట్ ముందు స్టాటిక్ చేర్చాం. వెంటనే కంపైలర్ గోల, లాట్ లెక్కలు యార్డ్‌లోని కమీషన్ శాతాన్ని వాడుకుంటున్నాయని. దాన్ని కన్‌స్ట్రక్టర్‌లో, అంటే లాట్‌ను తయారుచేసేటప్పుడే, ఇచ్చాం. నన్నడిగితే అదే మేలైంది, రేపు శాతం మారినా పాత లాట్ లెక్క చెదరదు. ఇంతా చేశాక పాత ఫైళ్ళు తెరుచుకోలేదు. సీరియల్ వెర్షన్ యూఐడీ (దాచిన ఫైలూ క్లాసూ సరిపోతున్నాయో చూసే అంకె) మనం ఇవ్వకపోతే జావా క్లాసు రూపాన్ని బట్టి తనే లెక్కగడుతుంది, రూపం మారితే ఆ అంకె మారిపోతుంది. కొట్టు చిట్టా ముందేసుకుని లాట్లన్నీ మళ్ళీ టైపు చేశాం.

ఇప్పటి జూనియర్లకు రికార్డ్ (డేటా పట్టుకోవడానికే ఉన్న క్లాసు రకం) ఉంది. 2021లో జావా 16తో అది ఖాయమైంది, ఇంకో క్లాసు లోపల రాసినా దానంతటదే స్టాటిక్. మామూలు క్లాసులే వాడేవాళ్ళు మాత్రం జేసన్ (డేటాను టెక్స్టుగా రాసే పద్ధతి) దగ్గర ఇంకా ఇరుక్కుంటూనే ఉన్నారు. లోపలి క్లాసు స్టాటిక్ కాకపోతే, జేసన్ చదివి ఆ ఆబ్జెక్టు కట్టమంటే జాక్సన్ అనే జావా లైబ్రరీ చేతులెత్తేస్తుంది.