మోనికమ్మ బుట్ట, నా పులిహోర డబ్బా

మా అబ్బాయి మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గర మూడు వారాలుండి వద్దామని వెళ్ళాను. "ఏం చూస్తావమ్మా?" అంటే "ఆంబ్రోజ్ గారిని" అన్నాను. వాడికి అర్థం కాలేదు. పదహారు వందల ఏళ్ళ కిందట ఈ ఊరి బిషప్పుగా ఉన్న పునీతుడాయన. మా గుంటూరులో మోనికమ్మ కథ వినని ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) తల్లి ఉండదు. దారి తప్పిన కొడుకు, తర్వాత పునీతుడైన అగుస్తీను కోసం ఆఫ్రికా నుంచి సముద్రం దాటి ఆవిడ వచ్చింది ఈ ఊరికే.

ముందు డువోమో, అంటే ఊరి పెద్ద గుడి. జనమంతా పైకప్పు ఎక్కడానికి క్యూ కడుతుంటే మేం నేలకిందికి దిగాం. పాత జ్ఞానస్నాన మందిరం పునాదులు అక్కడే ఉన్నాయి. మధ్యలో ఎనిమిది పలకల తొట్టి, ఇప్పుడు ఉత్త రాళ్ళే. 387 ఈస్టర్ రాత్రి ఆంబ్రోజ్ చేతుల మీదుగా అగుస్తీను, అతని కొడుకు, స్నేహితుడు అలీపియస్ జ్ఞానస్నానం పొందింది ఇక్కడే. మా వాడు రెండు ఫొటోలు తీసి "అయిందా?" అన్నాడు. నాకు కదలబుద్ధి కాలేదు.

ఆంబ్రోజ్ మొదట్లో గుడి గురువు కాదు, గవర్నరు. 374లో కొత్త బిషప్పు ఎవరన్నదాని మీద రెండు వర్గాలు గొడవపడుతుంటే సర్దిచెప్పడానికి వెళ్ళాడు. జనం ఆయన్నే ఉండమని పట్టుబట్టారు. అప్పటికి ఆయనకే జ్ఞానస్నానం కాలేదు! తర్వాత 390లో థెస్సలోనికలో ఊచకోత జరిపించిన రోమన్ చక్రవర్తి థియోడోసియస్ చేత అందరి ముందూ పశ్చాత్తాపం చేయించింది ఈయనే.

నాకు మాత్రం చక్రవర్తి కథ కన్నా అగుస్తీను కథే ఇష్టం. 384లో అలంకారశాస్త్రం, అంటే ప్రసంగకళ, చెప్పే పంతులుగా వచ్చినవాడు, ఆంబ్రోజ్ ఏం చెబుతాడో కాదు, ఎంత బాగా చెబుతాడో చూద్దామని ప్రసంగాలకు వెళ్ళాడు. మాటల వెంట విషయం కూడా లోపలికి దిగింది. తన సందేహాలన్నీ తీరిగ్గా అడగాలనుకున్నాడు కానీ సందు దొరకలేదు. ఇంటికి వెళితే తలుపులు తెరిచే ఉండేవి, ఆయన పెదవి కదపకుండా పుస్తకం చదువుకుంటూ ఉండేవాడు. వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని, కదిలించడం ఇష్టం లేక లేచిపోయేవాళ్ళట. ఇదంతా అగుస్తీనే రాసుకున్నాడు. ముప్పై ఏళ్ళు బళ్ళో గొంతు చించుకున్నదాన్ని, నాకు ఇది చదివినప్పుడల్లా కొంచెం సిగ్గేస్తుంది.

మెట్రో గ్రీన్ లైన్‌లో సాంత్ అంబ్రోజో స్టేషన్‌లో దిగితే ఆయన గుడి పక్కనే. నేలమాళిగలో అద్దాల వెనక ఇద్దరు వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ) మధ్య ఆయన అస్థిపంజరం, తెల్లని పూజావస్త్రాల్లో. మొదట ఉలిక్కిపడ్డాను. పక్క ప్రార్థనాలయంలో అయిదో శతాబ్దపు మొజాయిక్ బొమ్మ ఉంది. తల చుట్టూ కాంతివలయం లేదు. మన మండలాఫీసులో కనబడే సన్నపాటి మనిషిలా ఉన్నాడు.

"ఆకలేస్తోందమ్మా, ఆ డబ్బా తియ్యి," అన్నాడు మా వాడు అక్కడే, వసారా స్తంభాల దగ్గర.

మోనికమ్మ కూడా తమ ఊరి అలవాటు కొద్దీ జావ, రొట్టె, ద్రాక్షసారాయం బుట్టలో పెట్టుకుని ఇక్కడి వేదసాక్షుల సమాధులకు వెళ్ళింది. బిషప్పు వద్దన్నారని కాపలావాడు ఆపేశాడు. ఆవిడ మారుమాట్లాడలేదు. ఆ తర్వాత ఆంబ్రోజ్‌కు అగుస్తీను కనబడినప్పుడల్లా, "ఎంత మంచి తల్లయ్యా నీకు!" అని ఆవిణ్ణే మెచ్చుకునేవాడట.

కథంతా చెప్పాను. "ఇప్పుడు తినొచ్చా, వద్దా?" అన్నాడు.

బయటికి తీసుకెళ్ళి, చెట్టు కింద పులిహోర పెట్టాను.