కనిపించే కోడ్ అంతా మనది కాదు

బెంగళూరు మారతహళ్ళిలో వెబ్‌సైట్లు తయారుచేసే మా చిన్న కార్యాలయానికి వచ్చే తెలుగు వ్యాపారులలో చాలామంది ఫోనులో ఏదో ఒక సైటు తెరిచి, "అచ్చం ఇలాగే చేసిపెట్టండి" అంటారు. అలా అడగడంలో తప్పేమీ లేదు. అందులో ఎంతవరకు చేయవచ్చో చెప్పవలసిన బాధ్యత మాత్రం చేసేవారిదే.

మన 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను కూడా సాహిత్య రచనలుగానే పరిగణిస్తుంది. రిజిస్టర్ చేయించకపోయినా, పేజీ అడుగున కాపీరైట్ గుర్తు లేకపోయినా ఆ హక్కు పోదు. కేవలం ఆలోచనకు కాపీరైట్ ఉండదని ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లో తేల్చిచెప్పింది. అందువల్ల పైన మెనూ, ఎడమవైపు ఫిల్టర్లు అనే అమరిక ఎవరి సొత్తూ కాదు గానీ, దానికోసం ఒకరు కూర్చుని రాసిన, పేజీ రూపురేఖలను నిర్దేశించే సీఎస్‌ఎస్ ఫైలు, గీయించుకున్న ఐకాన్లు, తీయించుకున్న ఫొటోలు వారివే. "వ్యూ సోర్స్" నొక్కితే పేజీ కోడ్ కనిపిస్తోంది కదా, వాడుకుంటే ఏమిటనే వాదన నాకు ఏనాడూ రుచించలేదు.

కాకినాడ కాజాలు అమ్మే ఒక పెద్దాయన, తన సైటుకు ఆర్డర్లు వస్తున్నా, ఎందరు వచ్చి చూశారో లెక్కించే గూగుల్ అనలిటిక్స్‌లో సందర్శకుల లెక్క సున్నా దాటడం లేదని మా దగ్గరికి వచ్చారు. కోడ్ తెరిచి చూస్తే అందులోని అనలిటిక్స్ ఐడీ (ఆ లెక్క ఎవరి ఖాతాలో పడాలో చెప్పే గుర్తు) మరో సంస్థది. అంతకుముందు సైటు చేసిన వ్యక్తి ఆ సంస్థ పేజీని మొత్తంగా ఎత్తుకొచ్చి, లోగో, ధరలు మార్చి, ఐడీని అలాగే వదిలేశాడు. కొన్ని బొమ్మలయితే ఆ సంస్థ సర్వర్ నుంచే నేరుగా వస్తున్నాయి; అంటే ఈయన కొట్టుకు వచ్చే కస్టమర్ల భారం వారి బ్యాండ్‌విడ్త్ (సర్వర్ డేటా పంపే సామర్థ్యం) మీద పడుతోంది. అడిగిన డబ్బంతా చెల్లించిన ఆయనకు ఇవేవీ తెలియవు. రేపు నోటీసు వస్తే మాత్రం ఆయన పేరు మీదే వస్తుంది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించేది ఇదే.

ఉచితంగా, ధర్మంగా తీసుకోవడానికి ఇంత కోడ్ ఉండగా దొంగిలించవలసిన అవసరమే లేదు. ఎంఐటీ లైసెన్సు అనే ఉదారమైన అనుమతిపత్రంతో ఇచ్చిన కోడ్‌ను మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రచయిత కాపీరైట్ ప్రకటననూ, అనుమతి పాఠాన్నీ అలాగే ఉంచాలన్నదే దాని షరతు. ఫైలు చిన్నదవుతుందని, కోడ్‌ను కుదించే మినిఫైయర్‌తో కామెంట్లన్నీ (కోడ్ మధ్య రాసే వివరణలు; ఆ ప్రకటన ఉండేదీ వాటిలోనే) తీసివేయించేవారు ఆ ఒక్క షరతునూ తమకు తెలియకుండానే మీరుతున్నారు. కామెంటు మొదట్లో ఆశ్చర్యార్థకం పెడితే చాలా మినిఫైయర్లు దాన్ని ముట్టుకోవు. ఇక కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో అందరికీ కనిపించేలా ఉన్నా, లైసెన్సు లేని కోడ్‌ను రచయితను అడగకుండా మన సైటులో పెట్టుకోకూడదు.

మేము అప్పగించే ప్రతి సైటుతోపాటు అందులోని లైబ్రరీలు (ఇతరులు రాసిపెట్టిన సిద్ధ కోడ్), ఫాంట్లు, బొమ్మలు ఎక్కడివో, ఏ లైసెన్సు కింద తీసుకున్నవో రాసిన ఒక ఫైలు ఇస్తాం. మీరు ఎవరిచేత చేయించుకున్నా, చివరి వాయిదా చెల్లించే ముందు అలాంటి ఫైలు అడిగి తీసుకోండి.